తిరిగొచ్చాక నాలుగు వారాలు

ఆ బట్టల కార్ఖానాలో ఆవిణ్ణి అందరూ బొంగరమ్మ అనేవారు. హాజరుపట్టీలో వేరే పేరు ఉండేది గానీ, అది చదివితే ఎవరో కొత్తావిడ చేరిందేమో అనుకునేవారు. ఆవిడ కాలు ఒకచోట నిలవదు, చెయ్యి ఊరుకోదు. భోజనాల వేళ అందరూ డబ్బాలు విప్పుకుని కూర్చుంటే, ఈవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, పక్క వరసలో ఏ మిషను బెల్టు వదులుగా ఉందో చూసొచ్చి, అప్పుడు రెండో ముద్ద పెట్టుకునేది.

ఇరవై ఏళ్ళ కిందట కాలర్లు కుట్టే పనిలో చేరింది. మిషను ఆగిపోతే మెకానిక్కు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. అదొక్కటే ఆవిడకి చేతకాని పని. ఒకరోజు జడలోంచి పిన్ను తీసి, మిషను కింద ఇరుక్కున్న దారపు ఉండని లాగేసి, మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. సూపర్‌వైజరు చూసి ఇంతెత్తున లేచాడు. నెల తిరిగేసరికి ఆయనే వచ్చి, "ఇదిగో, ఆ మూల మిషను కూడా కాస్త చూడమ్మా" అన్నాడు. అలా అలా మెకానిక్కు అయింది. నలభై ఆరేళ్ళు వచ్చేసరికి, దూరం నుంచి చప్పుడు విని ఏ మిషనుకి ఏ జబ్బు చేసిందో చెప్పగలిగేది.

భర్త గ్రంథాలయంలో పాత పుస్తకాలకి అట్టలు వేసేవాడు. జిగురు పూసి, బరువు పెట్టి, ఆరేదాకా ఆ పుస్తకాన్నే చూస్తూ కూర్చోగలిగిన మనిషి. "మీ ఇద్దర్నీ కలిపి చెరిసగం చేసుంటే ఇద్దరు మామూలు మనుషులు తయారయ్యేవాళ్ళు" అనేది అత్తగారు.

ఒకరోజు మేనేజరు పిలిచి, పై దేశంలో కొత్త శాఖ పెడుతున్నామనీ, నూట ఇరవై మిషన్లు బిగించి, అక్కడివాళ్ళకి పని నేర్పి రావాలనీ చెప్పాడు. అయిదు వారాల పని. తోడుగా కరెంటాయన వస్తాడు. ఆయన కార్ఖానాలో వైర్ల పని చూసే పెద్దాయన, యాభై అయిదేళ్ళవాడు. ఈవిణ్ణి చెల్లెమ్మా అంటాడు, ఈవిడ అన్నయ్యా అంటుంది. ఎప్పుడెప్పుడు వెళ్దామా అని బొంగరమ్మకి ఆ వారమంతా నిద్రపట్టలేదు. పెట్టె మూడుసార్లు సర్ది మూడుసార్లు విప్పింది.

ప్రయాణానికి మూడు వారాల ముందు ఇద్దరూ టీకాల కేంద్రానికి వెళ్ళారు. చిన్న గది, ఒక ఫ్రిజ్జు, ఒక బల్ల. బల్లకి అవతల టీకాల నర్సు. ఎక్కడికి వెళ్తున్నారు, ఎన్నాళ్ళుంటారు, ఊళ్ళోనా బయటా, పాత జబ్బులేమైనా ఉన్నాయా అని నర్సు ఒక్కొక్కటే అడుగుతూ రాసుకుంది. టైఫాయిడ్‌కి ఒకటి, కామెర్లకి ఒకటి ఇంజెక్షన్లు పొడిచింది. తర్వాత జాగ్రత్తలు మొదలుపెట్టింది.

"నీళ్ళు సీలు తియ్యని సీసాలోవి తాగండి, లేదంటే మరగబెట్టినవి. ఐసు ముట్టుకోవద్దు. పళ్ళు మీరే కడిగి, మీరే తొక్క తీసుకుని తినండి. కోసి అమ్మేవి వద్దు. ఏది తిన్నా పొగలు కక్కుతూ ఉండాలి. తినే ముందు సబ్బుతో చేతులు. సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళంతా కప్పే బట్టలు వేసుకోండి, పడుకునేటప్పుడు దోమతెర కట్టుకోండి."

నర్సు రాస్తున్నప్పుడల్లా బల్ల ఊగుతోంది. బొంగరమ్మకి ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది. సంచీలోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి బల్ల కిందికి దూరింది.

"ఇదిగోండి, మలేరియా మాత్రలు. బయల్దేరే ముందు రోజు మొదలుపెట్టాలి. రోజుకొకటి, భోజనం అయ్యాక, గ్లాసుడు నీళ్ళతో. అక్కడున్నన్నాళ్ళూ వేసుకోవాలి. తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. అమ్మా, వింటున్నారా?"

"వింటున్నానండి" అంది బొంగరమ్మ బల్ల కింద నుంచి. "ఇప్పుడు మోచెయ్యి ఆనించి చూడండి, ఊగితే నన్నడగండి."

నర్సు నవ్వి, చెప్పిందంతా కాగితం మీద రాసిచ్చింది. బొంగరమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో పడేసింది.

దిగిన చోట ఎండ నడినెత్తిన కూర్చుని ఉండేది. సాయంత్రం వాన. కార్ఖానా ఊరి బయట, పక్కనే మురుగుకాలవ. బస చేసిన గది కిటికీకి జాలీ ఉంది కానీ ఓ మూల చిరిగింది. బొంగరమ్మ పెట్టె విప్పకముందే సూదీ దారం తీసి దాన్ని కుట్టేసింది. దోమతెర నాలుగు మూలలా బిగించి, అంచులు పరుపు కిందికి దోపింది. పొద్దు వాలుతోందంటే చాలు, పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, మెడకీ పాదాలకీ దోమల మందు పూసుకునేది.

"ఏం చెల్లెమ్మా, పొలానికి మందు కొట్టినట్టు కొట్టుకుంటున్నావు?" అని కరెంటాయన ఆటపట్టించేవాడు.

ఆయన మాత్రం రెండోరోజే బండి మీద కోసిన పళ్ళు తిన్నాడు. మూడోరోజు ఐసు వేసిన షర్బత్తు తాగాడు. నాలుగోరోజు పొద్దున్న పనికి రాలేదు. బొంగరమ్మ వెళ్ళి తలుపు తడితే, గోడ పట్టుకుని వచ్చి గడియ తీశాడు. ముఖం పీక్కుపోయింది.

"పదిసార్లు వెళ్ళానమ్మా, లెక్క కూడా తప్పింది" అన్నాడు.

ఆవిడ సీసా నీళ్ళలో ఓఆర్ఎస్ పొడి కలిపి, గుక్క గుక్కగా తాగించింది. మూడు రోజులు మిషన్లకీ ఆయన గదికీ మధ్య పరుగులు పెట్టింది. జ్వరం గానీ, రక్తం గానీ కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని చూసింది. నాలుగోరోజుకి లేచి తిరిగాడు. ఆ తర్వాత ఐసు పేరెత్తలేదు.

అయితే ఆయన ఒక్క విషయంలో మాత్రం తప్పేవాడు కాదు. భార్య రోజూ భోజనాల వేళకి ఫోను చేసేది. "మాత్ర ఏదీ? చూపించండి. మింగండి. నోరు తెరవండి" అనేది. వీడియోలో పెళ్ళానికి నోరు తెరిచి చూపించే ఆయన్ని చూసి కార్ఖానా అంతా నవ్వుకునేది. బొంగరమ్మకి చెప్పేవాళ్ళు అవసరం లేదు. తనే మరిచిపోకుండా వేసుకునేది. అయిదు వారాలూ ఆవిడకి ఒక తలనొప్పి కూడా రాలేదు. నూట ఇరవై మిషన్లూ ఒక్క చప్పుడుతో నడిచాయి.

ఇంటికొచ్చి గుమ్మంలో అడుగుపెట్టగానే ఊపిరి పీల్చుకుంది. కుళాయి కింద గ్లాసు పెట్టి నీళ్ళు పట్టుకుని గటగటా తాగింది. సంచీ అటక మీదికి విసిరేసింది. మిగిలిన మాత్రలూ, మడతపెట్టిన కాగితమూ దాంట్లోనే ఉన్నాయి. ఆ దేశంతోపాటు దాని దోమలూ అయిపోయాయి అనుకుంది. మర్నాడే పనిలోకి వెళ్ళింది. అయిదు వారాల్లో ఎవరూ చూడక పాడైన మిషన్లు ఆవిడ కోసం వరసకట్టి ఉన్నాయి.

పన్నెండో రోజు మధ్యాహ్నం అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను విప్పుతుంటే చేతిలో స్క్రూడ్రైవర్ గడగడలాడింది. మిషను వణుకుతోందేమో అనుకుని స్విచ్చి కట్టేసింది. వణుకుతున్నది తనే. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఇంటికెళ్ళి రెండు దుప్పట్లు కప్పుకున్నా చలి తగ్గలేదు. గంటన్నర గడిచాక ఒళ్ళు పెనంలా కాలింది. ఆ తర్వాత చెమటలు పట్టి, దుప్పటి పిండితే నీళ్ళు కారేలా తడిసింది. పొద్దునకి జ్వరం లేదు. లేచి జడ వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

"పనికి. తగ్గిపోయిందిగా."

"ఇవాళొక్కరోజు కూర్చో."

"కూర్చుంటే నిజంగానే జబ్బు పడతాను" అని చెప్పులు తొడుక్కుంది.

మూడోరోజు మళ్ళీ అదే వణుకు. వీధి చివర డాక్టరు చెయ్యి పట్టుకు చూసి, "ఊరంతా ఇదే జ్వరం నడుస్తోందమ్మా, నాలుగు రోజుల్లో పోతుంది" అని జ్వరం బిళ్ళలు రాసిచ్చాడు. ఎక్కడికైనా వెళ్ళొచ్చారా అని ఆయన అడగలేదు, ఈవిడా చెప్పలేదు. చెప్పాలన్న ధ్యాసే లేదు. బిళ్ళ వేసుకుంటే జ్వరం దిగేది, దిగగానే ఈవిడ లేచేది. మంచం మీద అటు ఇటు దొర్లేది, లేచి తలుపు గొళ్ళేనికి నూనె వేసేది, మళ్ళీ వచ్చి పడేది. వంటింట్లో గిన్నెలు సర్దబోయి, కళ్ళు తిరిగి అత్తగారి మీద ఒరిగింది.

"ఇదేం మనిషివే తల్లీ! జ్వరానికైనా కాస్త మర్యాద ఇవ్వవా?" అని అత్తగారు నెత్తి కొట్టుకుంది.

అయిదోరోజు పొద్దున, కార్ఖానాలో ఒక మిషను మోటారు గురించి అడగడానికి కరెంటాయన ఫోను చేశాడు. గొంతు విని ఆగిపోయాడు.

"ఏమైందమ్మా?"

"ఏదో ఊరి జ్వరం అన్నయ్యా. వస్తుంది, పోతుంది. మోటారు సంగతి చెప్పు."

"మోటారు సరే, వణుకు వస్తోందా?"

"వస్తోంది."

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"ఏం మాత్రలు?"

"ఇంకా వేసుకోవాలి కదమ్మా! నాలుగు వారాలు. మీ వదిన ఇప్పటికీ కంచం పక్కన పెట్టి మరీ మింగిస్తోంది. నర్సమ్మ చెప్పిందిగా. నువ్వు బల్ల కింద ఉన్నావేమో!"

బొంగరమ్మ తలెత్తి అటక మీది సంచీకేసి చూసింది. "డాక్టరుకి చెప్పావా మనం ఎక్కడికెళ్ళి వచ్చామో?" అని ఆయన అడుగుతున్నాడు. ఆవిడ ఫోను పక్కకి చాపింది. భర్త ఫోను అందుకుని విన్నాడు. ఆ మనిషి పరుగెత్తడం పెళ్ళయ్యాక ఆవిడ మొదటిసారి అప్పుడే చూసింది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరికి వెళ్ళి ఆటో తీసుకొచ్చాడు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ముందుకి వెళ్ళగానే, అడగకముందే భర్త చెప్పేశాడు: "అయిదు వారాలు పై దేశంలో ఉండి వచ్చింది. వచ్చి పదహారు రోజులైంది. వచ్చిన రోజే మలేరియా మాత్రలు ఆపేసింది." డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, వెంటనే రక్తం తీయించింది. గంటలో ఫలితం వచ్చింది. మలేరియా, అందులోనూ మెదడుకి ఎక్కే రకం. ఆ మధ్యాహ్నమే మంచం ఇచ్చి, నరంలోకి మందు ఎక్కించడం మొదలుపెట్టారు.

"అక్కడ ఒక్క దోమా కుట్టినట్టు లేదండీ" అంది బొంగరమ్మ నీరసంగా. "అన్ని జాగ్రత్తలూ పడ్డాను."

"పడ్డారు కాబట్టే అక్కడ ఏమీ కాలేదు. కానీ ఒక్కటి ఎప్పుడో కుట్టే ఉంటుంది. మలేరియా పురుగు ముందు కాలేయంలో దాక్కుంటుంది. రోజుల తర్వాత రక్తంలోకి వస్తుంది. వచ్చినప్పుడు మాత్ర ఉంటే చస్తుంది. అందుకే నాలుగు వారాలు. ఇంకో రెండు రోజులు ఊరుకుని ఉంటే నేనేమీ హామీ ఇవ్వలేకపోయేదాన్ని."

ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది. చేతికి సూది, సూదికి గొట్టం, కదలడానికి లేదు. మొదటి రెండు రోజులు ఒంటి మీద తెలివి ఉన్నట్టే లేదు. మూడోరోజు తెలివొచ్చాక అసలు కష్టం మొదలైంది. మందుల బండి చక్రం ఒకటి వెళ్ళినప్పుడల్లా కీచుమనేది. ఎదురు మంచం ఓ పక్కకి వాలిపోయి ఉండేది. కిటికీ రెక్క గాలికి టపటపలాడేది. ఏదీ తన చేతికి అందదు. పళ్ళు నూరుకుంటూ పైకప్పుకేసి చూసేది. భర్త పక్క కుర్చీలో కూర్చుని, చేతి గొట్టం లాగకుండా ఆవిడ వేళ్ళు పట్టుకుని ఉండేవాడు.

"నీకు విసుగు రాదా ఇలా కూర్చోవడం?" అని అడిగింది.

"మొన్న వచ్చింది" అన్నాడు. "నువ్వు నన్ను గుర్తుపట్టనప్పుడు."

ఆవిడ ముఖం అటు తిప్పుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

ఇంటికొచ్చాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. మెట్లెక్కితే ఆయాసం. పనిలోకి వెళ్ళడానికి నెలన్నర పట్టింది. వెళ్ళాక కూడా పూటకి రెండు మిషన్లకి మించి చూడలేకపోయేది. ఆవిడ అంత నెమ్మదిగా నడుస్తుంటే పాతవాళ్ళు కంగారుపడి కుర్చీ జరిపేవాళ్ళు. అదీ ఆవిడకి మంటే.

ఏడాది తిరిగేసరికి మేనేజరు మళ్ళీ పిలిచాడు. ఇంకో దేశం, ఇంకో శాఖ. ఈసారి నలుగురు వెళ్ళాలి. బొంగరమ్మ అక్కడికక్కడే సరేనంది. ఇంట్లో చెప్తే భర్త రెండు రోజులు మాట్లాడలేదు. అత్తగారు మాత్రం, "ఆపితే ఆగుతుందా? గదిలో పెట్టి తాళం వేస్తే తాళం విప్పి బాగుచేసుకుని మరీ వస్తుంది" అంది.

మూడోరోజు పొద్దున టీ తాగుతూ భర్త అన్నాడు. "వెళ్ళు. అక్కడ ఎలా ఉండాలో నీకు తెలుసు. ఇక్కడికొచ్చాక మాత్రం నువ్వు నా మాట వినాలి. ఒళ్ళు కాస్త వెచ్చబడినా, తుమ్మినా, ముందు నాకు చెప్పాలి. డాక్టరుకి నేను చెప్తాను."

"వింటాను."

"కూర్చుని చెప్పు."

ఆవిడ అప్పటికే గ్లాసు పట్టుకుని గుమ్మందాకా వెళ్ళింది. వెనక్కి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, "వింటాను" అంది.

వెళ్ళింది, మూడు వారాలుండి వచ్చింది. ఆ నాలుగు వారాలూ ఆయన భోజనం కాగానే మాత్ర చేతికిచ్చి మింగించేవాడు, పొద్దునా సాయంత్రం ఆవిడ నుదురు చెయ్యి పెట్టి చూసేవాడు. ఆవిడ విసుక్కుంటూనే నిలబడి చూపించుకునేది. జ్వరం రాలేదు.