ఉప్పు లేని పప్పు

మా శామీర్‌పేట చుట్టుపక్కల పల్లెల్లో మనసు బాగాలేని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వాళ్ళను కనిపెట్టుకుని ఉండడం ఒక అక్క ఉద్యోగం. నాయిన పోయాక మా అమ్మ వంటతో పాటు మాట కూడా మానేసింది. మేడ్చల్ దవాఖానాలో డాక్టర్ మాత్రలు రాసి, ఈ అక్కను మా ఇంటికి పంపాడు.

అక్క అమ్మ పక్కన కూర్చుని ఊళ్ళో ముచ్చట్లన్నీ చెప్పేది. పోతూ పోతూ ఓ స్టీలు గిన్నెలో పప్పు పెట్టి వెళ్ళేది. అందులో ఎప్పుడూ ఉప్పు ఉండేది కాదు.

ఇంకొకరి గిన్నె ఖాళీగా తిరిగివ్వడం మా ఇళ్ళల్లో లేదు. అందుకని నేనే గుప్పెడు చక్కెర పోసి ఇవ్వబోయాను. అక్క తీసుకోలేదు.

"నువ్విస్తే వద్దు బిడ్డా, అమ్మ ఇయ్యాలె. నాకేం జల్దీ లేదు."

అలా మా అరలో ఆమె గిన్నెలు పేరుకుపోయాయి.

"మీ ఇంట్ల గిన్నెలు అయిపోతయి అక్కా!"

"అయిపోతే మీ ఇంటికే తిననీకి వస్త."

ఒక మధ్యాహ్నం అమ్మ తనంతట తానే పొయ్యి వెలిగించింది. పప్పు వండి, అక్క గిన్నెల్లో ఒకదాంట్లో పోసి, మాట్లాడకుండా అక్క ముందు పెట్టింది. అక్క వేలు ముంచి నాకి చూసి, "ఉప్పు సాల్లేదు వదినా" అంది. నాకు ఒళ్ళు మండింది. బాగుందంటే ఏం పోయింది?

అమ్మ తలెత్తింది.

"నీ పప్పుల ఏనాడన్న ఉన్నదా ఏంది?"

అక్క నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కావాలనే ఉప్పు వేసేది కాదేమోనని నా అనుమానం. అమ్మనడిగితే మాత్రం, "దానికి వంట రాదు" అంటూ అక్క గిన్నె నింపుతుంది.