ఉమాపతి చేతిలో పడ్డ టీవీ

తార్నాకలో ఈమధ్య ఒక మాట తిరుగుతోంది. ఉమాపతి చావింట్లో కూర్చుని ఉప్మాలు మెక్కుతూ, ఆ ఇంటి టీవీలో సామాను ఒక్కొక్కటే ఊడదీసి లాలాపేట్‌లో అమ్ముకుంటున్నాడట. ఇందులో ఉప్మా వరకే నిజం. మిగతాది కూరగాయల బండి దగ్గర పుట్టి, ఇస్త్రీ బండి దాకా వచ్చేసరికి కాళ్ళు మొలిచిన మాట. గౌరమ్మ కళ్ళారా చూసింది కనుక సంగతి చెప్పక తప్పదు. గౌరమ్మ చూడకుండా ఆ వీధిలో ఏదీ జరగదు. ఒకవేళ జరిగితే, మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకుంటుంది.

ఉమాపతికి ఉన్నది ఒకటే పిచ్చి. ఎవరింట్లో టీవీ వెలగకపోయినా పిలవకుండా వస్తాడు. వచ్చాక పని ముగించడు. యూనివర్సిటీ క్యాంపస్‌లో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి, అనంతపురం వైపు వాడు. చేతిసంచిలో స్క్రూడ్రైవర్లు, టార్చిలైటు, పాత టూత్‌బ్రష్షు. టీవీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, చెవి ఆనించి వింటాడు. సాయంత్రం దాకా విప్పి, తుడిచి, బిగించి, "రోగం దొరికింది. మందు రేపు. రేపొస్తా" అని చెప్పులేసుకుంటాడు.

ఒకసారి అదే వీధిలో శశిభూషణ్ వాళ్ళింట్లో, సరిగ్గా క్రికెట్ మ్యాచ్ రోజున టీవీ వెలగలేదు. ఉమాపతి ప్రత్యక్షమయ్యాడు.

"ప్లగ్గు పీకు నాయనా. ఇప్పుడు పవర్ బటను నొక్కిపట్టుకో."

"కరెంటే లేనప్పుడు బటనెందుకు అంకుల్?"

"లోపల పాత కరెంటు మిగిలుంటాది. అది పోతేనే కొత్తది వచ్చేది. ఇంట్లో చుట్టాల మాదిరే."

తర్వాత ఇంటిల్లిపాదినీ దుప్పటి కిందికి తోలి, తెర మీద టార్చి కొట్టించాడు. లోపల నీడలాగా బొమ్మ కదిలితే టీవీ బతికే ఉన్నట్టు, వెనక లైటు మాత్రమే పోయినట్టు. దుప్పటి కింద శశిభూషణ్ వాళ్ళ నాయనకు ఊపిరాడలేదు తప్ప ఏమీ కదల్లేదు. మ్యాచ్ అయిపోయింది. ఉమాపతి "రేపొస్తా" అన్నాడు. ఆ రాత్రి రిమోటులో సెల్లు మారిస్తే టీవీ వెలిగింది. మర్నాడు ఆయన వచ్చి, వెలుగుతున్న టీవీని చూసి మొహం మాడ్చుకున్నాడు.

అలాంటి మనిషి పోయిన నెల పార్థసారథి ఇంట్లో కాలు పెట్టాడు.

పార్థసారథి గౌరమ్మ పైవాటాలో ఉండేవాడు. క్యాంపస్ లైబ్రరీలో పని. పొద్దున్నే వాకింగుకు వెళ్ళి, అక్కడే బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పిల్లల్లేరు. కాకినాడ నుంచి తమ్ముడు వచ్చేదాకా శవాన్ని హాల్లోనే ఫ్రీజరు పెట్టెలో ఉంచారు. పెట్టెకు కరెంటు కావాలి. తొందరలో ఎవరో టీవీ ప్లగ్గు పీకి, పెట్టె వైరు అక్కడ గుచ్చారు. దినాలయ్యాక చుట్టాలంతా వెళ్ళిపోయారు. టీవీ ప్లగ్గు మళ్ళీ పెడితే వెలగలేదు.

"ఆయనతోపాటే అదీ పోయింది" అంది ఆయన భార్య వేదవతి. ఆ తర్వాత మాట్లాడటం మానేసింది. వంట మానేసింది. గౌరమ్మ పంపిన క్యారియరు మూత తీయకుండానే గుమ్మంలో కనబడేది. పొద్దుగూకినా పైన లైటు వేసిన జాడ ఉండేది కాదు. ఆ నల్లటి తెర ముందు కుర్చీ వేసుకుని కూర్చునేది. మనిషి చూస్తుండగానే పుల్లలా అయింది. ఈ పిల్ల కూడా మొగుడి వెనకే పోతుందని గౌరమ్మకు లోపల దడ పట్టుకుంది. చెప్పుకోవడానికి ఎవరున్నారు? చావింటికి వెళ్ళినవాళ్ళు "వెళ్ళొస్తాం" అనకూడదు కదా. చెప్పకుండా లేచి వచ్చేయాలి. అందరూ అలాగే చెప్పకుండా లేచి వచ్చేశారు. మళ్ళీ ఎవరూ వెళ్ళలేదు.

ఉమాపతి ఒక్కడే ఆ గుమ్మంలో నిలబడి, వీధంతా వినేలా, "రేపొస్తానమ్మా!" అన్నాడు.

ఎదురింటి అమృతమ్మ బకెట్ కింద పడేసింది. "చావింట్ల రేపొస్త అంటడా! గంత సద్వుకున్నోడు! నోరా అది?"

అన్నట్టే మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. వచ్చి, టిఫిను అడిగి మరీ తిన్నాడు. పుకారు పుట్టింది అప్పుడే. అమృతమ్మ ఆ మాట మోసుకొచ్చి గౌరమ్మ చెవిలో వేసేసరికి, గౌరమ్మ కొంగు బిగించి మెట్లెక్కింది.

తలుపు తీసే ఉంది. ఉమాపతి టీవీని వెనక్కి తిప్పి, ఒక స్క్రూ ఊడదీసి, గిన్నెలో వేసి, కాసేపు దానికేసి చూసి, మళ్ళీ అదే స్క్రూను అదే చోట బిగిస్తున్నాడు.

"ఏందయ్యా, తీసిందే తీసుడు, పెట్టిందే పెట్టుడు?"

"దుమ్మక్కా. మరల్లో దుమ్ముండాది." వంటింటివైపు తిరిగి కేకేశాడు. "అమ్మా వేదవతీ! కడుపు ఖాళీగుంటే నా చెయ్యి వణుకుతాది. చెయ్యి వణికితే వైరు తప్పుతాది. ఉప్మా ఏమాయె?"

"ఉడుకుతోంది అన్నయ్యగారూ."

ఆ గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. అయినా వచ్చింది. 

"రెండు ప్లేట్లు పెట్టమ్మా. ఒక్కన్నే తింటే నాకు అరగదు."

"మూడు" అంది గౌరమ్మ.

ఉమాపతి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. గౌరమ్మను ఒక టీవీతో ఒంటరిగా వదిలివెళ్ళడం ఆయన చేసిన పెద్ద పొరపాటు. ఆమె టీవీ బల్ల వెనక తల దూర్చింది. టీవీ ప్లగ్గు పెట్టిన చోటంతా బొగ్గులా మాడి ఉంది. ఫ్రీజరు పెట్టె తాగిన కరెంటుకు కాలిపోయినట్టుంది. దీనికి ఇన్నాళ్ళు విప్పడమెందుకు? గౌరమ్మ టీవీని ఇటు తిప్పి, కిటికీ పక్కనున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి, ప్లగ్గు అందులో గుచ్చింది. తెర కింద ఎర్రబల్బు వెలిగింది. బటను నొక్కింది.

పార్థసారథికి చెవుడు. ఆయన ఆఖరిసారి ఎంత సౌండులో పెట్టుకున్నాడో టీవీ అంత సౌండుతోనూ లేచింది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని ఒకావిడ ఇల్లదిరేలా అరిచింది. కిటికీ అద్దాలు వణికాయి.

"ఏమండీ! సౌండు తగ్గించండీ! వీధి వీధంతా మీ వార్తలే వినాలా ఏమిటి!"

వంటింట్లోంచి గరిటెతో వచ్చింది వేదవతి. వచ్చి, కుర్చీకేసి చూసి, ఆగిపోయింది.

 గౌరమ్మకు రిమోటు కనబడలేదు. అల్పపీడనం మాత్రం వాయుగుండంగా మారుతోంది. వేదవతి గరిటె పట్టుకునే నేలమీద కూలబడి ఏడ్చింది. శవాన్ని పెట్టెలో పెట్టినప్పుడు ఏడవలేదు, దినాలప్పుడూ ఏడవలేదు. ఆ ఏడుపు టీవీ అరుపును కూడా మింగేసింది. గౌరమ్మ వెళ్ళి ఆమె తల ఒళ్ళోకి తీసుకుంది. ఉమాపతి తడిచేతులతో వచ్చి చూసి, వంటింట్లోకి పోయి స్టవ్ కట్టేశాడు.

ఎంతసేపటికో వేదవతి ముక్కు తుడుచుకుని, "మాడిందా?" అంది.

"అడుగే గదమ్మా. పైది బాగుండాది."

ముగ్గురూ నేలమీదే కూర్చుని తిన్నారు. వేదవతి తన ప్లేటు ఖాళీ చేసి, అడుగు మాడింది కూడా గీక్కుని వేసుకుంది. గౌరమ్మకు సోఫా సందులో రిమోటు దొరికింది.

"తగ్గించనా బిడ్డా?"

"ఉండనివ్వండి పిన్నిగారూ, ఈ పూటకి."

అంచేత మంచినీళ్ళు కావాలన్నా ఒకరి చెవిలో ఒకరు అరుచుకోవలసి వచ్చింది.

ఉమాపతి సంచి సర్దుకున్నాడు. గుమ్మంలో నిలబడి, "రేపొస్తానమ్మా! రిమోటు చూడాల!" అని అరిచాడు. "సరే అన్నయ్యగారూ, రేపు పెసరట్టు వేస్తాను" అని లోపలి నుంచి అరుపు వచ్చింది.

మెట్ల మీద గౌరమ్మ ఆయన దారికి అడ్డం నిలబడింది.

"నిజం జెప్పు ఉమాపతీ. ప్లగ్గు కాడ కాలిందని నీకు ఎప్పుడు ఎరుక?"

"మొదటి దినమే అక్కా. గుమ్మంలోనే కాలిన వాసనొచ్చె."

 గౌరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. అప్పుడు ఆమెకు ఇంకో సంగతి తట్టింది.

"అయితే, పోయినేడు నాకు మోకాలు ఆపరేషనై మంచంల పడుంటే, వారం దినాలు మా టీవీ ముంగట కూసున్నవ్. రోజూ తిట్టిన నిన్ను. అది గూడ నాకు తోడుండాలనే గదా?"

ఉమాపతి సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"లేదక్కా. మీది నాకు నిజంగానే చేతకాల్యా."