అన్నం గిన్నె దించిన గమోసా

సీతా, మోకాళ్ళ నొప్పి తగ్గిందా? రమణన్నయ్యా, షుగర్ ఎలా ఉంది? వదినకు దగ్గు పోయిందా?

ఇవాళ ఈ పరదేశంలో, మేముండే కాపెల్ ఊళ్ళో, మా పక్కింటి అస్సామీ అమ్మాయి మర్యాదగా నా మెడలో ఎర్రంచు తువ్వాలు, అదే గమోసా, వేసింది. ఆ కొత్త నూలు వాసనకు అస్సాంలో మన నాన్నలు రైల్వేలో పనిచేసిన ఆ చిన్న ఊరు గుర్తొచ్చింది. ఇంటింటా మగ్గం చప్పుడు, వాళ్ళ భజన మందిరం నామ్‌ఘర్‌లో ప్రసాదంగా పెట్టే నానిన శనగలు, పెసలు గుర్తున్నాయా?

ఎదురింటి రూపాలి వాళ్ళమ్మ బిహు పండక్కి స్వయంగా నేసిన గమోసా మా అమ్మకిచ్చింది. వాళ్ళకది పెద్ద మర్యాద. అమ్మ తువ్వాలే కదా అనుకుని దాంతో పొయ్యి మీది అన్నం గిన్నె దించింది. ఆవిడ చూసింది, మళ్ళీ మా గడప తొక్కలేదు. ఆవిడ ఎందుకు రావడం మానేసిందో నాకు తెలిసేసరికి అమ్మ పోయింది.

రూపాలి వాళ్ళమ్మ ఇప్పుడు ఈ దేశంలోనే, మాకు విమానంలో రెండు గంటల దూరంలోని అల్ఫారెట్టాలో, కూతురి దగ్గరే ఉందట. మంచం దిగడం లేదట.

"ఫోన్ చెయ్యమ్మా," అంది మా అమ్మాయి.

"ఆవిడకు వినపడదే! నేను వెళ్ళేదాకా ఉంటుందో లేదో."

"అబ్బా, బెంగపడకు. ఫ్లైట్ బుక్ చేస్తున్నా."

అమ్మకు తెలియక జరిగిందని ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పాలి. వచ్చే నెల పద్నాలుగు, శనివారం వెళ్తున్నాను.