విప్పబుద్ధి కాని కుట్టు

ఆసుపత్రి బట్టల గదిలో దుప్పట్ల చిరుగులు కుట్టే టైలరక్కకి సాయంత్రమయ్యేసరికి ఇంకో పని ఉంటుంది, డాక్టర్లు వేసిన కుట్లు విప్పడం. పొట్ట కొయ్యకుండా చిన్న చిల్లుల్లోంచి ఆపరేషన్ చెయ్యడం నేర్చుకునే కుర్రడాక్టర్లకి అక్కడ ఖరీదైన యంత్రం లేదు. మూతకి రెండు కన్నాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా, లోపల ఒక ఫోన్ కెమెరా, ఓ గుడ్డముక్క, అంతే. కెమెరా చూపించేది బయట తెర మీద చూస్తూ, కన్నాల్లోంచి దూర్చిన పొడుగాటి పట్టకార్లతో ఆ గుడ్డకి పెట్టిన చీలికని కుట్టాలి. కుట్టిన ముక్కలన్నీ అక్క దగ్గరికే వస్తాయి. కళ్లజోడు ముక్కు కొసకి జార్చుకుని, దారం లాగేసి, ముక్కని మోకాలి మీద అరచేత్తో సాపుచేసి మర్నాటికి సిద్ధం చేస్తుంది. "ఈయనకి ఇవాళ కోపమొచ్చింది," "ఈవిడకి ఆకలేసింది," అని కుట్టు తీరు చూసి తనలో తను నవ్వుకుంటుంది.

ఈ మధ్య ఆమెకే హెర్నియా అని తేలి, ఆపరేషన్ కోసం అదే ఆసుపత్రిలో చేరింది. కుర్రడాక్టర్లని వెంటేసుకుని రౌండ్లకొచ్చిన పెద్ద డాక్టరు, "భయం లేదక్కా, నేనే చేస్తాను," అన్నారు. అక్క తలగడ కింద నుంచి, విప్పబుద్ధి కాక దాచుకున్న గుడ్డముక్క ఒకటి తీసింది. "మీరు పక్కన నిలబడండి సార్. కుట్టడం మాత్రం ఇది కుట్టినవాళ్ల చేత చేయించండి."

ముక్క చేతులు మారుతూ వెనక నిలబడ్డ బక్కపలచటి అమ్మాయి దాకా వెళ్లింది. ఆమె తల వంచుకుంది. "నాదే సార్. కానీ అందరికన్నా నాకే ఆలస్యమవుతుంది."

"అవుతుంది మరి," అంది అక్క, ముక్క వెనక్కి తీసుకుని, కుట్టు పక్కన ఖాళీగా ఉన్న సూది గుర్తుల్ని వేలితో తడుముతూ. "వంకరపోయిన కుట్టు నాకొదిలెయ్యకుండా నువ్వే విప్పుకుంటున్నావు కదమ్మా."