ఉద్దానం ఆచారి ఆఖరి గంగమ్మ

నిరుడు భావనపాడులో సముద్రం చూడటానికి వెళ్ళి, మత్స్యకారుల చిన్న గుడిలో ఒక చెక్క గంగమ్మని చూశాను. ఎండకి కళ్ళు చికిలించి వలవైపు చూసే ఆడమనిషి ముఖం. చెక్కింది పలాస దగ్గర ఉద్దానంలో ఉండే సూరయ్యాచారి అన్నారు. ఆయన్ని కలవాలనే ఈ ప్రయాణం.

విజయనగరంలో పొద్దున్నే రైలెక్కి తొమ్మిదిన్నరకల్లా పలాసలో దిగాను. కాశీబుగ్గ బస్టాండు దగ్గర షేర్ ఆటో దొరికింది, మనిషికి నలభై రూపాయలు. దారంతా జీడి, కొబ్బరి తోటలు. ఆచారి పేరు చెప్పగానే డ్రైవరు, "నిన్న డయాలసిస్‌కి ఎళ్ళొచ్చినాడు. ఇయ్యాల మాటాడతాడులెండి," అన్నాడు. ఇక్కడి కిడ్నీ జబ్బు గురించి చదివాను గానీ, ఆ మాట అంత మామూలుగా వినబడుతుందనుకోలేదు.

పెరట్లో రేకుల పందిరి కింద ఆయన పనిలో ఉన్నారు. అరవై దాటిన మనిషి. డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసిన ఎడమ చెయ్యి నరాలు తేలి ఉబ్బి ఉంది. దానికి దెబ్బ అదురు తగలకూడదట. అందుకని ఆయన కుడిచేత్తో ఉలి పట్టుకుంటే, భార్య ఆదమ్మ కొయ్యసుత్తితో కొడుతోంది. పనస దుంగలోంచి అమ్మవారు దాదాపు బయటికొచ్చేసింది.

పని ఆపకుండానే తన సంగతులు చెప్పారు. మొదట తండ్రి దగ్గర నాగళ్ళు, బండిచక్రాలు. తర్వాత బరంపురంలో గుమ్మాలు, దేవుడి వాహనాలు. తిరిగొచ్చాక తీరం వెంబడి పల్లెలవాళ్ళు గంగమ్మల కోసం వెతుక్కుంటూ వచ్చేవారు. పక్కన కూర్చుని ఉలి పట్టిన తమ్ముడు ఇదే జబ్బుతో పోయాడు.

పెదవి దగ్గర ఉలి ఆనించి, "మెల్లిగా," అన్నారు. దెబ్బ పడింది. ఉలి పక్కకి దూసుకుపోయి అమ్మవారి ముక్కు కొన లేచిపోయింది.

"నేనే పాడు సేసినాను," ఆదమ్మ కూలబడింది.

"నీ సెయ్యి కాదే. నా సెయ్యే ఆగలేదు."

"అతికించలేరా?" అని అడిగాను.

"గుమ్మమైతే అతికీసుదును బాబూ. కొలిసే బొమ్మకి అతుకు పనికిరాదు. ఇంకో దుంగ ఎత్తుకోడానికి ఓపిక ఏటి ఉన్నాది?"

బొమ్మ చేయించుకుంటున్న పల్లె పెద్దకి ఆయనే ఫోన్ చేశారు. "మావా, నావల్ల కాలేదు. పండగ దగ్గరకొచ్చీసింది, ఫైబర్ బొమ్మ తెచ్చుకోండి. ...లేదు మావా, సిన్నదైనా వొద్దు. ఇంక నేను సెక్కను."

ఉలులు గోనెపట్టాలో చుట్టమని భార్యకి చెప్పారు. ఆమె కదల్లేదు. ఆయనే ఒంటిచేత్తో చుట్టుకున్నారు.

ఒక మనిషి జన్మంతా చేసిన పని ఒక ఫోన్‌కాల్‌తో ముగిసింది. సన్మానం లేదు, ఎవరికీ తెలియదు. చూసిన పరాయివాణ్ణి నేనొక్కణ్ణే, అదీ పిలవకుండా వెళ్ళినవాణ్ణి. వెంటనే సెలవు తీసుకుని వచ్చేశాను. ఆ ఇంట్లో ఇంకాసేపు ఊరికే కూర్చుని ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తోంది.

ఉద్దానం వెళ్ళేవారికి ఒక్క మాట. పొద్దుటి బస్సుల్లో డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు దారిపొడుగునా ఎక్కుతారు. ముందు సీట్లు ఖాళీగా కనబడినా, వెనక్కి వెళ్ళి కూర్చోండి.