కవర్లో ఉండిపోయిన ఓటు

మా ఇంట్లో పిల్లలకి నడకతో పాటే బేరం వచ్చేస్తుంది. గురజాలకి దగ్గర్లో ఒక ఊళ్ళో మా నాన్నది కిరాణా కొట్టు. ఇప్పుడు నాది. చీపురుకట్ట కొనడానికి పోయినా మూడుసార్లు మెట్లు దిగి, నాలుగోసారి వెనక్కి పిలిపించుకునే రకం నేను. చేతికి కుట్లు వేస్తున్న డాక్టరుతో "ఐదెందుకండీ, మూడుతో సరిపెట్టరాదూ" అన్నానని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకి చెప్పి నవ్విస్తుంది. ఓటు సంగతి మాత్రం ఎవరికీ చెప్పదు.

పంచాయతీ ఎన్నికల్లో మా బాబాయి సర్పంచికి నిలబడ్డాడు. మా వార్డు బూత్‌లో ఆయన తరఫు ఏజెంటుగా నన్ను కూర్చోబెట్టారు. నా చదువు చూసి కాదు. కొట్టు నడిపేవాడికి ఊళ్ళో ప్రతి మొహమూ తెలుసు. ఎవరున్నారో, ఎవరు పోయారో, ఎవరు పనికోసం ఊరు దాటారో సరుకుల్ని బట్టే తెలిసిపోతుంది. అవతలి అభ్యర్థి కూడా అట్లాగే ఆలోచించి, మా కొట్టుకి ఎదురుగా పురుగుమందుల కొట్టు నడిపేవాణ్ణి కూర్చోబెట్టాడు. మేమిద్దరం ఒకరినొకరం మావా అని పిలుచుకుంటాం. చుట్టరికం ఏమీ లేదు.

ఏజెంటు పని, లోపలికొచ్చిన మనిషి ఓటరు చీటీలో ఉన్న మనిషేనా అని చూడటం. కాదనిపిస్తే ఎన్నికల అధికారి మేడమ్ దగ్గర నామమాత్రం డిపాజిట్ కట్టి అభ్యంతరం చెప్పాలి. ఆమె అక్కడికక్కడే విచారించి తేలుస్తుంది. ఏజెంట్లిద్దరూ ఊరుకుంటే ఆమె కూడా ఊరుకుంటుంది. పొరుగు మండలం టీచరమ్మకి మా ఊరి మొహాలు ఏం తెలుస్తాయి?

పదిగంటలప్పుడు మావాళ్ళు ఒకావిణ్ణి లోపలికి పంపారు. బాబాయి అత్తగారి ఊరి మనిషి. కొంగు నుదుటి మీదికి లాక్కుని వేరేవాళ్ళ చీటీ పట్టుకొచ్చింది. ఆ చీటీ మా వెనక వీధి పిన్నిది. వరసకే పిన్ని, నా చిన్నప్పటినుంచీ మా కొట్టులోనే సరుకులు తీసుకునే మనిషి. మొగుడు పోయాక దాచేపల్లి వైపు నాపరాళ్ళ క్వారీలో పనికి పోయి అక్కడే ఉంటోంది. ఇంటికి తాళం ఉందని, చీటీలు పంచేవాడి దగ్గర ఆమెది మావాళ్ళు లాగేసుకున్నారు. ఓటుకోసం అంతదూరం నుంచి ఏం వస్తుందిలే అని ధీమా.

మావ చెయ్యి డిపాజిట్ డబ్బుకోసం జేబులోకి పోయింది. నేను అతని వైపు ఒరిగాను.

"ఆగు మావా."

"ఆగేదేంది? ఆమె ఈమేనా? మీ కొట్టుకొచ్చే మనిషిని నువ్వెరగవా?"

"ఎరుగుదును. మీ వీధిలో పోయినేడు పోయిన తాత చీటీ పట్టుకుని బయట లైన్లో ఒక మీసాలాయన నిలబడ్డాడు. ఆయన్ని నువ్వెరగవా?"

మావ కిటికీలోంచి బయటికి చూశాడు. మీసాలాయన ఎండకి చెమట తుడుచుకుంటున్నాడు.

"ఏం చెయ్యమంటావైతే?"

"దీన్ని నువ్వు చూళ్ళేదు. దాన్ని నేను చూడను."

"ఒరేయ్, నువ్వు శవాలతో కూడా బేరం చేస్తావురా," అన్నాడు మావ. అని, జేబులోంచి చెయ్యి తీసేశాడు.

ఆ పూటంతా నా తెలివికి నేనే మురిసిపోయాను. పైసా ఖర్చు లేదు, గొడవ లేదు, బాబాయికి ఒక ఓటు. మావ తరఫున తాత ఓటు, నా తరఫున పిన్ని ఓటు, తూకం సరిపోయింది. తాత ఎట్లాగూ రాడు. పిన్ని బతికుందన్న తేడా ఒక్కటే నా తూకంలోకి రాలేదు.

పోలింగ్ ఇంకో అరగంటలో ముగుస్తుందనగా పిన్ని వచ్చింది. క్వారీ లారీ ఎక్కి, రోడ్డు మీద దిగి, నడిచొచ్చింది. చీర అంచుకి, గోళ్ళ సందుల్లో తెల్లటి రాతిపొడి. చేతిలో ఓటరు కార్డు.

"ఈ నంబరు ఓటు అయిపోయిందమ్మా," అన్నాడు లిస్టు చూసే ఆయన.

"ఎట్టా అయిపోద్ది? నేనిప్పుడేగా వస్తిని." రెండు చేతులూ ముందుకి చాపింది. ఏ వేలి మీదా సిరా లేదు.

మేడమ్ మా ఇద్దరి వైపూ చూసింది. మావ ఫ్యాను చూస్తున్నాడు. నేను నా కాగితాలు సర్దుకుంటున్నాను. ఆమె కార్డు సరిచూసుకుని పిన్నికి వేరే బ్యాలెట్ ఇచ్చింది. దాన్ని టెండర్ ఓటు అంటారు. ముద్ర వేసి తెచ్చాక పెట్టెలో వెయ్యరు, కవర్లో పెడతారు. లెక్కింపులో ఆ కవరు విప్పరు. కోర్టు విప్పమంటే తప్ప.

"పెట్టెలో వెయ్యరా?" అంది పిన్ని.

"దీనికి కవరు వేరే ఉంటుందమ్మా."

అక్కడ బాగా తెలిసిన మొహం నాదేగా, నా దగ్గరికొచ్చింది. "అబ్బాయా, నా ఓటు పడ్డట్టేనా?"

"పడ్డట్టే పిన్నీ."

"ఇల్లా, పడిపోతా ఉంది. నేనీ ఊరిదాన్నని చెప్పుకునేదానికి ఈ లిస్టులో పేరొక్కటేరా మిగిలింది. అందుకే పని మానుకుని వచ్చా."

ఆ సాయంత్రమే లెక్కించారు. బాబాయి ఒక్క ఓటుతో గెలిచాడు.

అవతలివాళ్ళు గురజాల కోర్టులో ఎన్నికల పిటిషన్ వేశారు. పిన్ని పేరున పడ్డ దొంగ ఓటు తీసేయాలి, కవర్లో ఉన్న అసలు ఓటు కలపాలి అని. తీసేస్తే సమానం, కలిపితే ఓటమి. ఆమె వీధి ఓట్లన్నీ అవతలివాళ్ళవేనని మా నమ్మకం మరి. మా వకీలు దారి చెప్పాడు. పొద్దున వచ్చినామే అసలు మనిషి అనాలి, ఈవిడ దాచేపల్లి మనిషి అని తేల్చాలి. ముందు ఓటర్ల జాబితాలోంచి పేరు తీయించాలి. దానికి అదే ఊరి ఓటరు ఒకడు అర్జీ పెట్టాలి.

సంతకం నేను చేశాను. అక్కడా బేరమే. "శాశ్వతంగా ఊరు విడిచి వెళ్ళినది" అని వకీలు రాస్తే, "శాశ్వతంగా వద్దండీ, చాలాకాలంగా అని పెట్టండి" అన్నాను. పాపం సగానికి తగ్గించుకున్నాననుకున్నాను. నోటీసు తాళం వేసిన తలుపుకి అంటించారు. బదులిచ్చేవాళ్ళు లేరు. పేరు పోయింది.

బోనులో పిన్ని కొంగు భుజాల నిండా కప్పుకుని నిలబడింది.

"మీ ఆధార్‌లో ఏ ఊరుంది?"

"దాచేపల్లి. గేటు దగ్గర అడుగుతున్నారని క్వారీవాళ్ళే మార్పించారయ్యా."

"మీ ఊరి ఓటర్ల లిస్టులో మీ పేరుందా?"

"లేకుండా ఎట్టా ఉంటది? మా ఆయన పేరు కిందే ఉంటది."

మా వకీలు కొత్త జాబితా చేతికిచ్చాడు. ఆమెకి చదువు రాదు. తిరగేసి, మడతలు సాపు చేసి, పక్కనున్న గుమాస్తాకి చూపించింది. "లేదమ్మా," అన్నాడతను. "సరింగా చూడు నాయనా," అంది. ఇంకోసారి చూశాడు. ఆ తర్వాత ఏమడిగినా "మా ఆయన పేరు కింద చూడు నాయనా" అనే అంది. జాబితా వంకే చూస్తూ ఉండిపోయింది.

తర్వాత నన్ను పిలిచారు. పొద్దున ఓటు మీద ఎవరన్నా అభ్యంతరం చెప్పారా అంటే, లేదన్నాను. నిజమే. ఈవిణ్ణి గుర్తుపడతారా అంటే, "కొట్టుకి చానామంది వస్తారండీ," అన్నాను. అదీ నిజమే. ఒక్క అబద్ధం ఆడకుండా బయటపడ్డాను, అంత పనిమంతుణ్ణి. మావని సాక్షిగా పిలవనేలేదు. పిలిస్తే తాత లేచొస్తాడు.

తీర్పు దాకా పోలేదు. పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. అవతలివాళ్ళకి సిమెంటు రోడ్డు పని దక్కింది, పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. కవరు సీలు సీలుగానే ఉంది.

కొన్నాళ్ళకి పిన్ని కొట్టుకొచ్చింది. పేరు మళ్ళీ చేర్చమని అర్జీ పెట్టుకుందట, విచారణకి మండలాఫీసులో ఓటర్ల లిస్టు చూసే మేడమ్ ఆ రోజు వస్తుందట. బయట బల్ల మీద కూర్చుంది.

"కవరు చింపారా అబ్బాయా?"

"లేదు పిన్నీ."

"చింపితే మీ బాబాయి గుర్తే కనపడేది. మా ఆయన పోయినప్పుడు ఆస్పత్రి నుంచి ట్రాక్టరు మాట్లాడి తెచ్చింది ఆయనేగా."

చేతిలో తూకంరాయి అట్లాగే ఉండిపోయింది. మేడమ్ వచ్చింది. పడిపోయిన ఇల్లు చూసి వచ్చి, పక్కవాళ్ళ మాట కావాలని నన్నడిగింది.

"ఈవిడది ఈ ఊరేనా?"

"ఈ ఊరే మేడమ్. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ."

ఆమె ఫైల్లోంచి ఒక కాగితం తీసి గల్లాపెట్టె మీద పెట్టింది. నా సంతకం. "మరి ఇదేంది? ఇది తప్పని రాసిస్తే ఈవిడ పేరు చేరుస్తాను. తప్పుడు అర్జీ పెట్టినందుకు మీ మీద కేసవుతుంది. ఏది రాసుకోమంటారు?"

బాబాయి పదవి గుర్తొచ్చింది. కోర్టులో నేను చెప్పిన నిజాలు గుర్తొచ్చాయి. మధ్యస్థంగా ఏదన్నా మాట ఉందేమోనని వెతికాను. చాలాకాలంగా లాంటి మాట. దొరకలేదు.

"పాతదే ఉంచండి మేడమ్."

పిన్ని నా వైపు చూడలేదు. మేడమ్‌ని దాచేపల్లి బస్సు ఎన్నింటికని అడిగి, సంచి తీసుకుని లేచింది.