చూపు మందగించిన కెమెరా

ఇప్పుడంటే ఫోనున్న ప్రతివాడూ ఫొటోగ్రాఫరే గానీ, ఆ రోజుల్లో నూజివీడు బజార్లో మెడలో కెమెరా వేసుకుని నడిస్తే కుక్కలు కూడా తోక సర్దుకుని నిలబడేవి. ఆ గౌరవం నాదనుకునేరు, మా గురువుగారిది. నేను ఆయన స్టూడియోలో లైటు పట్టుకునే కుర్రాణ్ణి. చుట్టుపక్కల నా లైటు వెలుగు పడకుండా ఏ జంటకీ పెళ్లి జరగలేదు (కాస్త ఎక్కువ చెప్పాను, చాట్రాయిలో ఒక జంట తప్పించుకుంది). లైటు పట్టేవాడికి భోజనం ఆఖరి బంతిలో. అదీ నా హోదా.

ఒక వేసవిలో మామిడిపళ్ల షావుకారొకాయన వచ్చి, తన కొట్టు క్యాలెండరు మీదికి చెట్టున వేలాడే చిన్న రసం మామిడిపండుని చిలక కొడుతున్న ఫొటో కావాలన్నాడు. గురువుగారికి పెళ్లిళ్ల హడావిడి. దూరాన్ని దగ్గర చేసే, సెకండ్ హ్యాండులో కొన్న టెలీ లెన్సు ఒకటి నా ఒళ్లో పెట్టి, "అబ్బాయ్, చిలకని తెచ్చావా, వచ్చే ముహూర్తాల నుంచి కెమెరా నీ చేతిలో పెడతా. తేలేదా, జన్మంతా లైటే" అన్నారు. మా నాన్న అయితే జన్మంతా లైటుకి కూడా ఒప్పుకోలేదు. ఈ కాపు అయ్యేలోపు కెమెరా చేతికి రాకపోతే మామిడిపళ్ల బుట్టల్లో గడ్డి పరిచే పనికి కుదిర్చేస్తానన్నాడు. ఇక ఆ లెన్సు సంగతి. దాని వెనక నేను నూజివీడులో నిలబడితే ముందు కొస అవతలి ఊరు ఆగిరిపల్లిలో ఉండేది.

తోటలో కావలివాళ్లంతా డబ్బాలు మోగించి చిలకల్ని తరుముతుంటే, నేనొక్కణ్ణే "రండి తల్లీ, కొట్టండి తల్లీ" అని బతిమాలుకునేవాణ్ణి. రీలు బస్సులో విజయవాడ ల్యాబుకి వెళ్లి తిరిగొచ్చేసరికి నా ప్రాణం కూడా వెళ్లొచ్చేది. మొదటి రీలు చూసి గురువుగారు, "ఇది చిలకా, గండభేరుండమా? ఇన్ని ముక్కులేంట్రా?" అన్నారు. చెయ్యి వణికిందన్నమాట. నిచ్చెన మెట్టు మీద ఇసక సంచి వేసి, దానికి లెన్సు ఆనించి, షట్టరు వేగం పెంచి, ఊపిరి బిగబట్టి తీశాను. రెండో రీల్లో వణుకు పోయింది. కాకపోతే ముందున్న ఆకు ఈనెలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా పడి, వెనకున్న చిలక పచ్చటి మరకై కూర్చుంది. "షావుకారు గారు ఆకుల వ్యాపారం మొదలెట్టారా?" అన్నారు గురువుగారు.

ఆ సాయంత్రం అన్నం సయించక, "ఈ కెమెరా కంటికి చూపు ఆనడం లేదు అమ్మమ్మా" అని వాపోయాను. మా అమ్మమ్మ "అయ్యో పాపం" అంది. నన్నేమో అనుకున్నాను.

మూడో రీల్లో వణుకు లేదు, ఫోకసు చిలక కంట్లోనే ఉంది. కానీ ఫొటో మొత్తం పాలు ఒలికినట్టు తెల్లటి మసక! ఎండ వేడికి గాలి అలలాడి మసకేస్తోందేమోనని తెల్లారేసరికల్లా వెళ్లి తీశాను, మసకే. లోపల బూజు పట్టిందేమోనని టార్చి వేసి చూశాను, లేదు. ముందు గాజు మీద కాస్త నల్లటి జిడ్డు కనిపిస్తే నా చెమటా, తోట దుమ్మేలెమ్మని చొక్కా అంచుతో గుండ్రంగా, శ్రద్ధగా తుడిచేవాణ్ణి. తుడిచినకొద్దీ మసక పెరిగేది. ఇక్కడేమో కాపు అయిపోవస్తోంది, తోటలో చివరి చెట్లు దులిపేస్తున్నారు. మా నాన్న గడ్డి పనిని పొగుడుతూ మాట్లాడడం మొదలెట్టాడు.

ఒక పొద్దున నిద్ర లేచేసరికి, అమ్మమ్మ ఆ లెన్సుని పసిబిడ్డలా ఒళ్లో పడుకోబెట్టుకుని, చిటికెన వేలితో దాని గాజుకి కాటుక దిద్దుతోంది.

"అమ్మమ్మా! ఏం చేస్తున్నావ్?"

"అరవకు, అదురుతుంది. కంటికి చూపు ఆనడం లేదని నువ్వే కదరా ఏడ్చావు? ఆముదం కాటుక, చలవ చేస్తుంది. రోజూ పెడుతున్నా."

"అది గాజు అమ్మమ్మా!"

"గాజైతే దానికి చూపెందుకుంటుందిరా?"

లెన్సు ఆవిడ ఒళ్లోంచి లాక్కున్నాను. దూదితో, స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచి తోటకి పరుగెత్తాను. ఇంకా దింపని ఒక్క చెట్టు మీద, దయగల చిలక ఒకటి, పండులో ముక్కు పెట్టి నాకోసమే ఉన్నట్టు ఉంది. ఈసారి ఈక ఈకా పడింది. చిలక ఏం ఆలోచిస్తోందో కూడా పడింది.

షావుకారు గారు ఆ ఫొటో పట్టుకుని మొహం చిట్లించారు. "ఇదేంటండీ, పండు మీద సొన మరక కూడా కనబడుతోంది! మా సరుకుకి మరకలుంటాయా?" నా చేతుల్లో గడ్డి వాసన వచ్చేసింది. ఆయన కవరు కుదిపారు. అడుగున ఉండిపోయిన మసక ఫొటో బల్ల మీద పడింది. "అబ్బబ్బ! కైలాసంలో చిలకలా లేదూ? ఇదండీ ఫొటో అంటే!"

గురువుగారు నా చెవి దగ్గరికి వచ్చి, "ఎలా తీశావురా?" అన్నారు. సంగతి చెప్పాను. చాలాసేపు పొట్ట పట్టుకుని నవ్వి, కెమెరా నా మెడలో వేశారు. ఆ తర్వాత మొటిమలున్న పెళ్లికూతురు కనబడితే చాలు, "అమ్మమ్మ గారి మందు తెచ్చావా?" అని అడిగేవారు. అమ్మమ్మ మాత్రం, "చూశావా, నయమైంది" అని పదిమందికీ చెప్పుకుంది.

ఇప్పుడు నా కళ్లకే చూపు ఆనడం లేదు. కళ్లజోడు పెట్టుకుంటే అద్దంలో నా మొహం మీద గీతలన్నీ, ఆ చిలక ఈకల్లా, ఒక్కటీ తప్పకుండా కనబడతాయి. తీసేస్తే మాత్రం ఎదురుగా కాఫీ కలుపుతున్న మా ఆవిడ పెళ్లినాటి పిల్లలాగే ఉంటుంది. "మళ్లీ కళ్లజోడు ఎక్కడ పారేశారండీ?" అని విసుక్కుంటుంది. జేబులోనే ఉంటుంది. బల్ల మీద వెతుకుతున్నట్టు చేతులు ఆడిస్తూ, ఇంకాసేపు చూస్తాను.